విశ్వవిద్యాలయపు పుట్టినింట

మన యిండ్లలో ప్రతిదినమును వినవచ్చుచుండియు, అర్థ మేమని మన మెన్నడును విచారింపని మాటలు కొన్ని గలవు. ‘విశ్వవిద్యాలయము’ అట్టిది. పిల్లవాడు యూనివర్సిటీలో చేరినాడనియు, అమ్మాయికి యూనివర్సిటీలో సీటు వచ్చినదనియు చెప్పుకొందుము. ఆ మాట చెవిని బడగానే ఎత్తైన స్తంభములు, వెడల్పైన మెట్లు, గడియారపు గోపురము గల పెద్దమేడ యొకటి మన కన్నులయెదుట నిలుచును. కాని యీ సంస్థ తొలుత ఏర్పడిననాడు దానికి మేడ లేదు, మెట్లు లేవు, సొంతమని చెప్పుకొనుట కొక గదియైనను లేదు. ఆ పేరు రాళ్లకు గాక, కూడియున్న మనుష్యులకు పెట్టిన పేరు. ఈ సంగతి బాగుగా తెలియవలె నన్నచో ఇటలీ దేశమునందలి బొలోనా నగరమునకు పోవలెను. ఆ నగరమున నడచి చూచినదియు, దాని చరిత్రము చదివి తెలిసికొన్నదియు కలిపి యిచ్చట మీకు విన్నవించుచున్నాను.

వసారాల నగరము

బొలోనా ఉత్తర ఇటలీలో, వెనిసునకును ఫ్లారెన్సునకును నడుమ, పో నదీమైదానము అపెన్నైను కొండల పాదములను తాకుచోట నున్నది. ఇటలీవారు దీనికి మూడు ముద్దుపేర్లు పెట్టినారు: పండితురాలు, బొద్దుగుమ్మ, ఎఱ్ఱనిది. గోడలును ఇండ్లకప్పులును ఇటుకవన్నెతో మెఱయుచుండును గనుక ఎఱ్ఱనిది. తిండిపుష్టికి పేరుమోసినది గనుక బొద్దుగుమ్మ. చదువులకు నెలవు గనుక పండితురాలు. వారి భాషలో ఊరి పేరు స్త్రీలింగ మగుటచేత పండితుడనక పండితురాలన్నారు. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో మనకు పని గలదు.

ఆ యూరిలో అడుగుపెట్టినవారిని మొట్టమొదట ఆకర్షించునవి వసారాలు. వీథి కిరువైపుల ప్రతియింటి ముందును స్తంభములతో, కమానులతో, పైకప్పుతో వసారా యుండును. ఒక యింటి వసారా తరువాత మఱియొక యింటి వసారా తెగకుండ కలిసిపోవుటచేత, ఎండలోగాని వానలోగాని గొడుగు తెఱువకయే బజారంతయు తిరిగి రావచ్చును. ఊరంతటిలోని వసారాలను కలిపి కొలిచినచో సుమారు 62 కిలోమీటర్ల పొడవగునట. శాన్ లూకా కొండమీది గుడికి పోవు వసారా యొక్కదానికే 666 కమానులు గలవు. 2021వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి సంస్థ వీనిని లోకమంతయు కాపాడుకొనదగిన సంపదలలో చేర్చినది.

ఈ వసారాలు సొగసునకు కట్టినవి కావు. ఊరికి జనము ఎక్కువైనకొలది ఇంటివారు మేడగదులను వీథిమీదికి ముందునకు జరిపి, క్రింద మ్రానిస్తంభములు నిలిపిరి. పైన ఒక గది పెరిగినది. క్రింద బాటసారులకు నీడ దొరికినది. 1288లో క్రొత్తగా ఇల్లు కట్టువారు వసారా విడిచి తీరవలెనని నగరసభవారు శాసించిరి. స్థలము ఇంటివారిది, నడక ఊరివారిది. మన పల్లెలలో వీథి యరుగు ఇంటివారి దయ్యును దారిపోవువారు కూర్చుండుట కుపయోగపడుట లేదా? అట్టిదే యిది.

ఇక తిండిమాట. సన్నని పిండిరేకులలో కూరినది కూరి చుట్టబెట్టు తోర్తెల్లీని, పొడవుగా కోసిన తల్యతెల్లె అను పిండివంటలు ఇక్కడివి. గోధుమపిండిని గ్రుడ్లతో కలిపి, మన అప్పడాలకఱ్ఱకు రెండు మూడింతలున్న కఱ్ఱతో కాగితమువలె వత్తుట ఆ యూరి స్త్రీల పనితనము. ఆ పనివారికి ప్రత్యేకముగా ఒక పేరు కూడ గలదు. అంగళ్ల అద్దములలోనుండి వారు పిండి వత్తుట చూచుచు ఎంతసేపైనను నిలువవచ్చును.

ఊరినడుమ రెండు పాతబురుజులు నిలిచియున్నవి. పెద్దదాని యెత్తు 97 మీటర్లు. చిన్నది ఒకప్రక్కకు మిక్కిలి యొఱగియున్నది. ఆ బురుజులకడనుండి బయలుదేరు జాంబోని వీథియే నేటి విశ్వవిద్యాలయపు వీథి. పుస్తకములు చంక నిడుకొన్న యువతులును యువకులును వసారాల క్రింద కిటకిటలాడుచుందురు. ఇది యొకనాటిది కాదు. ఎనిమిదివందల యేండ్లకు పైగా ఈ యూరిలో నిదే సందడి.

ఇంటియద్దె తెచ్చిన కట్టుబాటు

పదునొకండవ శతాబ్దపు చివరను, పండ్రెండవ శతాబ్దపు మొదటను ఇర్నేరియసు అను పండితుడు ఈ నగరమున రోమకుల ధర్మశాస్త్రమును బోధించెను. ఆ శాస్త్రము యూరపులో చాలకాలము మఱుగుపడియుండి అప్పుడప్పుడే మరల వెలుగులోనికి వచ్చుచుండెను. రాజులకు, మఠాధిపతులకు, వర్తకులకు ధర్మశాస్త్రజ్ఞులు కావలసివచ్చిరి. అందుచేత జర్మనీనుండి, ఫ్రాన్సునుండి, ఇంగ్లండునుండి, స్పెయిను, హంగరీ దేశములనుండి విద్యార్థులు కొండలు దాటి బొలోనాకు రాసాగిరి. ఈ విద్యాసంస్థ 1088లో నారంభమైనదని నేడు చెప్పుకొందురు. నిజమునకు ఆ సంవత్సరమున నెవరును శంకుస్థాపన చేయలేదు. 1888లో ఎనిమిది శతాబ్దముల యుత్సవము జరుపదలచి, కవియైన కార్దూచ్చి మొదలగు పెద్దలు లెక్కకొఱకు నిర్ణయించుకొన్న యేడది. అది చెట్టువలె మెల్లమెల్లగా పెరిగినదేకాని, ముహూర్తము పెట్టి ప్రతిష్ఠించినది కాదు.

అట్లు వచ్చినవారు పసిపిల్లలు కారు. చాలమంది యుక్తవయస్కులు, కొందఱు కలిగినయింటి బిడ్డలు. అయినను ఆ యూరిలో వారు పరదేశులు. ఊరివారికున్న హక్కు లేవియు వారికి లేవు. విద్యార్థులు పెరిగినకొలది ఇంటియద్దెలు పెరిగినవి. రొట్టె, కట్టెలు, నూనె మొదలగు వెచ్చముల ధరలు పెరిగినవి. చేతివ్రాత పుస్తకముల వెల పెరిగినది. ఒంటరిగా నున్న విద్యార్థి ఇంటియజమానితో నేమి వాదింపగలడు? అందుచేత వారందఱు కూడి యొక కట్టుబాటు చేసికొనిరి. ఇంత మించి యద్దె యీయము. అన్యాయముగా నద్దె పెంచినవాని యింట మాలో నొక్కడును దిగడు. ఊరివారు మా మాట వినరేని అందఱమును మూటముల్లె కట్టుకొని మఱియొక యూరికి పోవుదుము అని పట్టుపట్టిరి. అది వట్టి బెదరింపు కాదు. 1222లో అట్లు బొలోనా విడిచిపోయినవారివలననే పాదువా నగరమున విశ్వవిద్యాలయ మేర్పడెను. మేడలు లేని సంస్థ గనుక కదలుట సులభము. విద్యార్థులు పోయినచో అద్దెలును పోవును, అంగళ్లును మూతపడును గనుక నగరమువారు దిగివచ్చిరి. అద్దెలను నిర్ణయించుటకు విద్యార్థులపక్షమువారును నగరపక్షమువారును కలిసి కూర్చుండు ఏర్పాటు జరిగెను.

ఆ కట్టుబాటునకే లాటిను భాషలో ‘యూనివర్సితాస్’ అని పేరు. ‘ఊనుస్’ అనగా ఒకటి. ‘వెర్సుస్’ అనగా మరలినది. పలువురు కలిసి ఒకటిగా నైనది యని దాని భావము. ఆ కాలమున నిది చదువునకు సంబంధించిన మాటయే కాదు. ఒక పనివారందఱు కలిసి యేర్పఱచుకొన్న ఏ సంఘమైనను యూనివర్సితాసే. మన ప్రాచీనులు శ్రేణి యన్నది అట్టిదే. వడ్రంగుల కూటమికిని, విద్యార్థుల కూటమికిని ఒకటే మాట. అందుచేత స్పష్టతకై విద్యార్థుల యూనివర్సితాస్ అని పూర్తిగా చెప్పుచుండిరి. చదువుచెప్పు చోటునకు వేఱుగా ‘స్తూడియుమ్’ అను పేరుండెడిది. కాలక్రమమున ‘విద్యార్థుల’ అను విశేషణము జారిపోయి, సంఘమునకు చెల్లిన పేరు చోటునకు దక్కినది. నాడు విద్యార్థు లింటియద్దెకొఱకు చేసికొన్న కట్టుబాటు పేరునే నేడు మనము పెద్దమేడల గుమ్మములపై చదువుచున్నాము!

గురువుకు జరిమానా

బొలోనా విద్యార్థుల కట్టుబాటు ఇంటియజమానులతో నాగలేదు. గురువులకు వేతన మిచ్చువారు విద్యార్థులే యగుటచేత గురువులకును నియమములు పెట్టిరి. సెలవు పొందనిదే గురువు ఒక్కదినమైనను పాఠము మానరాదు. ఊరు విడిచి పోవలసివచ్చినచో తిరిగి వచ్చుటకు పూచీగా సొమ్ము కట్టిపోవలెను. గంట కొట్టగానే పాఠము మొదలుపెట్టవలెను. మరల గంట కొట్టగానే ముగింపవలెను. పాఠమునకు అయిదుగురైనను రాకున్నచో, ఆ దినము గురువు రానట్లే లెక్కించి జరిమానా వేయుదురు. గురుశిష్యసంబంధమును మన రీతిగా భావించువారికి ఇది విని నవ్వును రావచ్చును, కోపమును రావచ్చును.

ఆల్ప్సు పర్వతముల కీవలివారు, ఆవలివారు అని విద్యార్థులు రెండు కూటములుగా నుండి, ఆ కూటములలో మరల దేశమును బట్టి చిన్న సమూహములుగా చీలియుండిరి. వారిలో నుండి యెన్నుకోబడిన విద్యార్థియే ‘రెక్టరు’. గురువు లీ కూటములలో సభ్యులు కారు. వారును ఊరకుండక తమలో తాము సంఘము లేర్పఱచుకొనిరి; పరీక్షించి పట్టమిచ్చు నధికారమును తమచేత నుంచుకొనిరి. వారి సంఘమునకు ‘కొల్లేజియుమ్’ అని పేరు. నేటి కాలేజీ యను మాటయు అక్కడిదే. చూచితిరా! యూనివర్సిటీ యన్నను, కాలేజీ యన్నను మొదటి యర్థము కూడియున్నవారనియే. పారిసులో మాత్రము గురువులే ముఖ్యులుగా యూనివర్సితాస్ ఏర్పడినది; ఆక్స్‌ఫర్డువారు ఆ మార్గము ననుసరించిరి. బొలోనాలో శిష్యులు కూడిరి, పారిసులో గురువులు కూడిరి. ఎవరు కూడినను కూడుటయే మూలము.

గోడలు వచ్చిన తరువాత

చాలకాలము పాఠములు గురువుల యిండ్లలోను, అద్దెగదులలోను, మఠములలోను జరుగుచుండెను. శాన్ ఫ్రాంచెస్కో గుడివెనుక ఆనాటి ధర్మశాస్త్రపండితుల సమాధులు నేటికిని నిలిచియున్నవి. స్తంభములమీద నిలిచిన ఆ సమాధులకు పైన మొనదేలిన శిఖరములు గలవు. రాజులకు కట్టినట్లుగా ఉపాధ్యాయులకు సమాధులు కట్టిన యూ రిది యని వానిని చూడగా తోచును.

1563లో మాత్రము నగరపు పెద్దచౌకమునకు చేరువ ఆర్కిజిన్నాసియో యను భవనమును తెఱచి, పాఠములన్నియు నొకచోట జరుగునట్లు చేసిరి. కూటమికి గోడలు వచ్చిన దప్పుడు. 1803 వఱకును విద్యాసంస్థ యందే యుండెను. ఇప్పుడది నగర గ్రంథాలయము. ఆ భవనపు గోడలు, కమానులు, మెట్లదారి, కప్పులు అన్నియు విద్యార్థుల వంశచిహ్నములతో నిండిపోయినవి. రంగులు వేసిన యా చిహ్నములు ఇప్పటికి నిలిచినవి సుమారు ఆఱువేలు. వానిక్రింద విద్యార్థి పేరును, అతని దేశమును వ్రాయబడియుండును. ఎంత దూరమునుండి యెందఱు వచ్చిరో ఆ గోడలే చెప్పును.

మేడమీద శరీరశాస్త్రము బోధించు గది గలదు. 1637లో కట్టిన యీ గది యంతయు కొయ్యపనియే. నడుమ చలువరాతి బల్ల. దానిచుట్టును మెట్లు మెట్లుగా ఆసనములు. గురుపీఠముపై నొక పందిరి, దానిని మోయుటకు చర్మము ఒలిచిన రెండు మానవశరీరముల కొయ్యబొమ్మలు. చూచుటకు భయము గొలుపునవైనను, కండరములు నరములు ఉన్నవున్నట్లు చెక్కిన నేర్పునకు ఆశ్చర్యము కలుగును. 1944 జనవరి 29వ తేదీని విమానములనుండి పడిన బాంబులవలన ఈ గది కూలిపోగా, శిథిలములలోనుండి కొయ్యముక్కలను, విగ్రహములను ఏరి తెచ్చి యుద్ధానంతరము యథాప్రకారము మరల కట్టిరి.

ఆ పందిరిపై ఒక స్త్రీమూర్తి కూర్చుండియున్నది. ఆమె శరీరశాస్త్రమునకు అధిదేవత. ఒక రెక్కల బాలుడు ఆమెకు పువ్వునకు బదులు తొడయెముకను కానుకగా నందించుచున్నాడు. శాస్త్రమునకు రూపము కల్పింపవలసివచ్చినప్పుడు స్త్రీరూపమును కల్పించిరి. పీఠముపై కూర్చుండి బోధించుటకు మాత్రము శతాబ్దములతరబడి పురుషుల నెక్కించిరి. మన సరస్వతీదేవి తలపునకు వచ్చి, అక్కడ కొంతసేపు నిలిచిపోతిని.

తల్లి పేరు, కూతుండ్ల కొఱత

బొలోనా విశ్వవిద్యాలయమునకు నేటి పేరు ‘ఆల్మా మాతెర్ స్తుదియోరుమ్’. చదువులను పోషించు తల్లి యని యర్థము. ఊరు పండితురాలు, విద్యాసంస్థ తల్లి, శాస్త్రము దేవత! ఇన్ని స్త్రీనామము లున్నచోట కూతుండ్రకు చోటెంత యని మన మడుగుట న్యాయమే కదా!

పదుమూడవ శతాబ్దమున బెత్తిజియా గొజ్జదీని యను నామె ధర్మశాస్త్రమున పట్టము పొంది యిచ్చట బోధించినదని పెద్దలు చెప్పుకొనుచు వచ్చిరి. పదునాలుగవ శతాబ్దమున జొవాన్ని దాంద్రెయా యను పండితుని కూతురు నొవెల్లా, తండ్రికి తీరికలేనపుడు ఆయనకు బదులు పాఠము చెప్పెడిదనియు, ఆమె యందము విద్యార్థుల మనస్సును చెదరగొట్టకుండ నడుమ తెర కట్టుచుండిరనియు క్రిస్టీన్ ద పిజాన్ అను విదుషి 1405లో వ్రాసిన గ్రంథమునందు చెప్పినది. ఈ క్రిస్టీన్ తండ్రియు బొలోనాలో బోధించినవాడే. తెరవెనుకనైనను ఆ కంఠము వినబడినదన్న సంతోషమొకటి, తెర ఏల యన్న బాధయొకటి.

కాగితములలో నిస్సందేహముగా కనబడు కథలు తరువాతివి. 1678 జూను 25న పాదువాలో ఎలెనా కొర్నారో పిస్కోపియా యను వెనిసు స్త్రీ తత్త్వశాస్త్రమున పట్టము పొందినది. ఆమె మొదట కోరినది మతశాస్త్రపట్టము. స్త్రీకి దాని నీయరాదని మతాధికారి యడ్డుపడగా తత్త్వశాస్త్రమునకు మార్చిరి. జనము విశేషముగా వచ్చుటచేత ఆ సభను విద్యాశాలలో గాక పెద్దగుడిలో జరుపవలసివచ్చెను. ఇంత గౌరవము చేసిన పాదువావారు ఆమె తరువాత చాలకాలము మఱియొక స్త్రీకి పట్టమీయలేదు.

బొలోనాలోనే 1711లో జన్మించిన లౌరా బాస్సి కథ మఱింత తెలియదగినది. 1732 ఏప్రిలులో నగరసభామందిరమున పండితులతో బహిరంగముగా వాదించి, మే నెలలో పట్టము పొంది, ఆ యేడే అధ్యాపకపదవియు జీతమును పొందినది. తలపై వెండి లారెల్ కిరీటము నుంచి ఆమెను సత్కరించిరి. కాని పదవి యిచ్చుచునే నగరసభవారు ఒక నియమము పెట్టిరి: ఆమె స్త్రీ గనుక, తాము ప్రత్యేకముగా కోరినప్పుడు మాత్రమే బహిరంగముగా బోధింపవలెను. కిరీటము తలకు పెట్టి, గుమ్మము మూసినట్లయినది.

ఆమె యేమి చేసినది? 1738లో జ్యుసెప్పె వెరాత్తి యను వైద్యశాస్త్రజ్ఞుని వివాహమాడినది. బిడ్డలను కన్నది, కొందఱిని పోగొట్టుకొన్నది. దంపతు లిరువురును తమ యింటనే ప్రయోగశాల యేర్పఱచి, భౌతికశాస్త్రమును పరికరములతో చేసి చూపుచు విద్యార్థులకు ఏండ్లతరబడి బోధించిరి. విద్యాశాలకు ఆమె పోరాదన్నచో విద్యార్థులే ఆమె యింటికి వచ్చిరి. పూర్వము బొలోనాలో గురువు లందఱును ఇండ్లలో పాఠములు చెప్పినవారే కదా! గోడలు ఆమెను రానీయకపోగా, ఆమె గోడలు లేనినాటి పద్ధతిని మరల నిలిపినది. తుదకు 1776లో, అఱువదియైదవ యేట, ఆ నగరపు శాస్త్రసంస్థలో ప్రయోగభౌతికశాస్త్రపీఠ మామెకు లభించెను. భర్త యామెకు సహాయకుడుగా నియమింపబడెను. రెండేండ్ల కామె కాలధర్మము నొందెను.

జాంబోని వీథిలోని పొజ్జి భవనమున నేడు విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాల యున్నది. అందు ఆన్నా మొరాందీ మంజొలీని యను నామె మైనముతో చేసిన శరీరావయవముల బొమ్మలు గలవు. ఆమె భర్తతో కలిసి ఈ పని నేర్చి, 1755లో ఆయన మరణించిన తరువాతను కొనసాగించి, శరీరశాస్త్రమును బోధించినది. తన బొమ్మను తానే మైనముతో చేసికొన్నది. పట్టుబట్టలు కట్టి, నగలు పెట్టుకొని, ముఖమున తొణకని నిబ్బరముతో ఆ స్త్రీ మనుష్యుని మెదడును పరీక్షించుచున్నట్లుగా నున్నది. ఆర్కిజిన్నాసియోలోని దేవతవలె ఆమె కానుక పుచ్చుకొనుచు కూర్చుండలేదు, పని చేయుచున్నది.

మన మాటల సంగతి

ఇక మన భాషలోని మాటలను చూతము. ‘విశ్వవిద్యాలయము’ అన్నప్పుడు విశ్వ మనగా లోకమని మనము తలంతుము. సంస్కృతమున ‘విశ్వ’ శబ్దమునకు తొలియర్థము సమస్తము, అందఱు అనియే. ఇంటిపెద్దల తద్దినములలో విశ్వేదేవతలను పిలుచుట మన మెఱుగుదుము. ఆ పేరునకు దేవతలందఱు అని యర్థము. కనుక లాటిను మాటకును మన మాటకును ‘అందఱు’, ‘అన్ని’ యను పోలిక యున్నది. భేద మెక్కడ నన, వారి మాట మనుష్యులందఱ కూడికను చెప్పును. మన మాట విద్యలన్నిటి ఇంటిని చెప్పును.

కాని మనలోను మనుష్యుల కూడికను చెప్పు మాట యొకటి గలదు. 1926లో స్థాపితమై, మొదట బెజవాడలో నుండి తరువాత వాల్తేరునకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ‘ఆంధ్ర విశ్వకళాపరిషత్తు’ అని పేరు. పరిషత్తనగా చుట్టును కూర్చుండినవారు. శ్వేతకేతువు పాంచాలుర పరిషత్తునకు పోయినట్లు బృహదారణ్యకోపనిషత్తు చెప్పుచున్నది. ఆ యుపనిషత్తునందే జనకుని సభలో గార్గి లేచి యాజ్ఞవల్క్యుని రెండుమాఱులు ప్రశ్నించినది. ఆమెకు నడుమ తెర కట్టినట్లు అందు లేదు.

హైదరాబాదున 1918లో ఉర్దూ బోధనాభాషగా నేర్పడిన ఉస్మానియాకు ‘జామియా’ యని పేరు. అరబ్బీలో ‘జమ’ అనగా కూర్చుట. మనము ఇంటిలెక్కలలో జమ, ఖర్చు అని వ్రాయుచుందుము గదా! ఆ జమయు ఈ జామియాయు నొక్క ధాతువునుండి వచ్చినవే. అది సొమ్ము కూడిక, ఇది మనుష్యుల కూడిక.

కులపతి యను మాటయు గమనింపదగినది. పదివేలమంది శిష్యులకు అన్నముపెట్టి చదువుచెప్పువానిని మన పూర్వులు కులపతి యనిరి. బొలోనావారు పోషించు తల్లి యన్నారు. మనవారు అన్నము పెట్టువా డన్నారు. తల దాచుకొన చోటు, కడుపునకు తిండి లేనిదే చదువు లేదని ఇరువురకును తెలియును.

మన స్త్రీల కూటమి

ఆ సత్యము మన స్త్రీల చరిత్రమునందును కనబడును. 1883లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి కాదంబినీ బసు, చంద్రముఖీ బసు అను నిరువురు పట్టభద్రురాండ్రైరి. ఆక్స్‌ఫర్డువారు స్త్రీలకు పట్టములిచ్చినది 1920లో. కేంబ్రిడ్జివారు పూర్తి పట్టములిచ్చినది 1948లో. ఈ లెక్క చూచి మనము గర్వింపవచ్చును. కాని పట్టము నీయ నియమ మంగీకరించుట వేఱు, చదువుకొన వచ్చిన బాలిక రాత్రి తల వాల్చుటకు చోటుండుట వేఱు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితకథలో నొక ఘట్టము గలదు. ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరగోరినప్పుడు, స్త్రీలకు వసతిగృహము లేదన్న కారణ మడ్డువచ్చెను. ఆమె నిరాశపడక పత్రికలలో ప్రకటన వేయించి, తనవలెనే చదువుగోరి వసతిలేక నిలిచిపోయిన స్త్రీలను పిలిచెను. వారు వచ్చిరి. అందఱు కలిసి యుండుటకు ఏర్పాటు చేసికొనిరి, తలుపు తెఱువబడెను. ఆమె పట్టము పొందుటయేగాక, తరువాత న్యాయశాస్త్రము చదివి, భారత రాజ్యాంగసభలో కూర్చుండెను.

బొలోనాలో ఆ పరదేశి విద్యార్థులు చేసిన దేమి? వసతికొఱకు కూడుట. వాల్తేరులో మన స్త్రీలు చేసిన దేమి? వసతికొఱకు కూడుట. వారికి లాటిను మాటతో పనిలేకపోయినను యూనివర్సితాస్ అనగా నేమో చేసి చూపిరి. కట్టిన మేడలో వారికి చోటు లేదనగా, ఆ మేడకన్న పాతదియు, ఆ మేడకు మూలమైనదియు నగు పనిని వారు చేసిరి. నేడు తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమువంటివి కేవలము స్త్రీలకొఱకే యున్నవి. తక్కిన విశ్వవిద్యాలయములందును బాలికలు చదువుకొనుచున్నారు.

సోదరీమణులారా! బిడ్డను చదువునకు పంపునప్పుడు మనము భవనమును చూతుము, పేరును చూతుము, రుసుమును చూతుము. వానితోపాటు మఱి రెండు ప్రశ్నలు కూడ నడుగుదము: అక్కడ మన పిల్ల ఎవరితో కూర్చుండును? ఎక్కడ నుండును? వంటింటి పని తీరినపిమ్మట నలుగురు స్త్రీలు ఒక యరుగుమీద చేరి ఒక పుస్తకమును చదివి, తెలియనిది తెలిసినవారి నడిగి తెలిసికొన్నచో, దానికి పట్టము లేకపోవచ్చును, గోపురము లేకపోవచ్చును. పరిషత్తను పేరు మాత్రము చెల్లును. లౌరా బాస్సి యింటి గదియు ఒకనాడు అట్టిదే.